స్టామెనా పాటలో రెండో గొంతు

గ్రోజ్దా అవ్వ ఆ టేప్ రికార్డర్‌ని చేతిబండిలో పెట్టి, పొగాకు కట్టకు బిగించినట్టు తాడేసి బిగించి, మా గుమ్మం ముందు దింపింది. దాని మీద అట్టపెట్టెలో ఒకే ఒక్క రీలు ఉంది. పలకరింపు లేదు, మా ఆవిడ త్సోనా కాఫీ ఇస్తానంటే అక్కర్లేదంది.

"ఒరేయ్ రంగెల్, దీన్ని పలికించు."

"ఇది మూగబోయి ఎన్నేళ్ళయిందో తెలుసా అవ్వా?"

"రేడియోలు బాగుచేయబడును అని బోర్డు పెట్టుకున్నావుగా? చేతకాకపోతే పీకెయ్."

నాకు ఒళ్ళు మండింది. కానీ మొన్ననే అక్కను పోగొట్టుకున్న మనిషి. మా ఊళ్ళో దుఃఖంలో ఉన్నవాళ్ళంతా చేసినట్టే నల్ల ఉన్ని కోటు తిరగేసి తొడుక్కుంది, కుట్లన్నీ పైకి కనిపిస్తున్నాయి. అలాంటి మనిషితో ఏం గొడవపడతాను? బండిలోంచి పెట్టెను ఎత్తుకుని లోపలికి తెచ్చాను. నా నడుము పట్టేసింది.

విషయం మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. అక్క స్టామెనా, చెల్లెలు గ్రోజ్దా జంటగా పాడేవారు. స్టామెనా పాటను నడిపిస్తే, గ్రోజ్దా కింద ఒకే స్వరం పట్టుకుని ఉండేది. స్టామెనా ఊపిరి తీసుకున్నప్పుడు పాట తెగకుండా కాపాడేది ఆ రెండో గొంతే. పట్నం నుంచి రేడియో వాళ్ళు రమ్మని కబురు పెట్టారు. సరిగ్గా పొగాకు ఆకులు గుచ్చే రోజులు. గ్రోజ్దా అత్తగారు సూది కింద పెట్టనివ్వలేదు. స్టామెనా పట్నం బస్సెక్కింది. అదే బస్సులో పైవీధి దిన్కా కూడా ఎక్కింది. అంతే, గ్రోజ్దా స్థానంలో దిన్కా పాడిందని ఊరంతా గుప్పుమంది. ఆ పాట రేడియోలో రానేలేదు, కాబట్టి నిజం ఎవరికీ తెలియలేదు. దిన్కాని అడిగితే పళ్ళికిలించి ఊరుకుంది. తర్వాత స్టామెనా ఈ రికార్డర్ కొనుక్కుని, వచ్చి వినమని చెల్లెలికి కబురు చేసింది. గ్రోజ్దా వెళ్ళలేదు. అప్పటినుంచి ఇద్దరూ పండగలకీ చావులకీ తప్ప మాట్లాడుకోలేదు.

"శనివారం సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచాలి. 'దేవుడు క్షమించుగాక' అనాలి. మా అక్క నా చోట ఆ దిన్కాని నిలబెట్టుకుందో లేదో తెలియకుండా నేనేం క్షమించను? ఉత్తినే నోటితో అనమంటావా?" అంది గ్రోజ్దా అవ్వ.

పెట్టె మూత తీశాను. రబ్బరు పట్టీలు కరిగి తారైపోయాయి. వేళ్ళకు అంటుకున్నది మూడుసార్లు కడిగినా వదల్లేదు, త్సోనా నన్ను తువ్వాలు ముట్టుకోనివ్వలేదు. కందెన గట్టిపడి చక్రాలు కదలడం లేదు. ఉబ్బిపోయిన కండెన్సర్లు మార్చాను. టేపును నొక్కిపట్టే రబ్బరు చక్రం రాయిలా అయిపోతే గరుకు కాగితంతో రుద్ది దారికి తెచ్చాను. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌ను స్పిరిట్ దూదితో అద్దంలా తుడిచాను. నా దగ్గరున్న పాత డ్యాన్సు పాటల టేపు వేసి చూస్తే గది దద్దరిల్లింది. గంటలా మోగింది! నా భుజం నేనే తట్టుకున్నాను.

అవ్వను పిలిపించి, ఆవిడ రీలు ఎక్కించాను.

ఏదో వినిపించింది. ఏదో అనే చెప్పాలి. దుప్పటి ముసుగేసుకుని బావిలో కూర్చుని పాడుతున్నట్టుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. పాట అడుగున గుమ్మంటూ ఒక మోత లేచింది.

"రెండు గొంతులు," అంది అవ్వ. మొహం పాలిపోయింది. "కింద పట్టుకుంది చూడు, దిన్కాయే."

"ఒకటే ఉంది," అంది త్సోనా.

"నీకు చెవుడు."

"నాకా చెవుడు? ఏవయ్యా, నువ్వు చెప్పు, ఎన్ని గొంతులు?"

ఏం చెప్పను! ఒకసారి వింటే ఒకటే, ఇంకోసారి వింటే రెండు. కళ్ళు మూసుకుంటే మూడు. పోనీ పెట్టె పాడైందా అంటే, నా టేపు వేస్తే మళ్ళీ గంటలా మోగుతోంది. రీలు పాడైందా అంటే, దాని మీద ఒక్క మచ్చ లేదు, రంగు కాస్త మసకగా ఉందంతే, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. హెడ్ మళ్ళీ తుడిచాను. స్క్రూ అటు తిప్పాను, ఇటు తిప్పాను. నా చెవుల్లో గులిమి ఉందేమోనని వేలు పెట్టి చూసుకున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళు ఈ పని చేసి కూడా నాకేమీ తెలియదేమో అనిపించింది, ఆ మాట పైకి అనలేక స్క్రూడ్రైవర్ విసిరికొట్టాను.

"పోనీలేరా," అంది అవ్వ. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "అది దిన్కాయే. నేను విన్నాను. శనివారం గోధుమలు నా కోడలు పంచుతుంది. నేను వెళ్ళను."

లేచి గుమ్మం వైపు నడిచింది. వీపు మీద కోటు కుట్లు, వేలాడుతున్న దారపు కొసలు, మెడ దగ్గర బయటికొచ్చిన చీటీ. ఆ కుట్లకేసే చూస్తూ ఉండిపోయాను. రీలు కేసి చూశాను. పైకంతా మసక గోధుమరంగు. నా టేపులు పైకి మెరుస్తాయి, ఇది మసకగా ఎందుకుంది? మెరిసే వైపు ఉత్త ప్లాస్టిక్. పాట ఉండేది మసకగా ఉండే గోధుమరంగు వైపు. అది లోపలికి ఉండి హెడ్‌కు తగలాలి. ఇప్పుడు తగులుతున్నదేమో మెరిసే వైపు!

"అవ్వా, ఆగు! టేపు కూడా నీ కోటులాగే తిరగబడి ఉంది!"

"ఏం వాగుతున్నావురా?"

వాగుడు కాదు. ఆ రోజుల్లో రేడియో వాళ్ళు తమ రీళ్ళను మసక వైపు పైకి వచ్చేట్టు చుట్టేవారని ఎప్పుడో విన్నాను. ఇళ్ళలో వాడే పెట్టెలకు అది తలకిందుల వ్యవహారం. నా చేతికి రేడియో వాళ్ళ రీలు ఇదివరకెప్పుడూ రాలేదు. టేపుకు సగం మెలిక వేసి, రెండోవైపున్న ఖాళీ రీలుకు చుట్టుకుంటూ పోయాను. ఆ చుట్టినదాన్ని వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను. వాల్యూమ్ తగ్గించాను. గుమ్మనే మోత పోయింది. అది ఏ గొంతూ కాదు, ఎక్కువ పెంచడం వల్ల పెట్టె పెట్టిన గుర్రు.

ముందు ఒక మగగొంతు, పక్కగదిలోంచి మాట్లాడుతున్నంత స్పష్టంగా.

"రెండో గొంతు ఏదమ్మా? మీతో వచ్చినావిడ పాడదా?"

"అది పన్ను పీకించుకోడానికొచ్చింది." స్టామెనా గొంతు. పడుచు గొంతు, అదే పెడసరం. "మా రెండో గొంతు ఊళ్ళో పొగాకు గుచ్చుతోంది."

"ఒంటి గొంతుతో అయితే మేం ప్రసారం చెయ్యలేం."

"చెయ్యొద్దు. టేపు మీదికి ఎక్కించి నాకివ్వండి చాలు. దాని చోటు నేను పాటలో ఖాళీగా వదిలేస్తాను."

తర్వాత పాట. స్టామెనా ఒక్కతే. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా ఆగింది. చెల్లెలు పట్టుకోవాల్సినంత సేపూ టేపు ఖాళీగా తిరిగింది. మళ్ళీ అందుకుంది.

గ్రోజ్దా అవ్వ తలుపు పట్టుకుని నిలబడే ఉంది. పాట అయ్యాక వచ్చి, ఆ పెట్టె మీద అరచేత్తో ఒక్కటిచ్చింది.

"మొండి ముండా! ఒక్క మాట చెప్పి చావొచ్చు కదే!"

"చెప్పడానికేగా అవ్వా వినమని కబురు చేసింది," అంది త్సోనా.

నేను త్సోనా కేసి గుడ్లురిమాను. కానీ అవ్వకు కోపం రాలేదు. కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇప్పుడు క్షమించమని అడగాల్సింది నేనట్రా రంగెల్. ఎవర్ని అడగను? చెప్పు, ఎవర్ని అడగను?" అంటూనే ఉంది.

కాసేపటికి ముక్కు తుడుచుకుంది. "మొదట్నించి తిప్పు."

తిప్పాను. స్టామెనా పాడింది. ఊపిరి కోసం ఆగింది. ఆ ఖాళీలో, వణుకుతూ, గ్రోజ్దా అవ్వ గొంతు లేచింది.

దుఃఖంలో ఉన్న మనిషి ఏడాది తిరిగేదాకా పాడకూడదు. మా ఊళ్ళో ఎవరు ఆ కట్టు తప్పినా వీధివీధికీ చెప్పొచ్చేది మా త్సోనాయే. మా ఆవిడ లేచేసరికి, ఆపుదామని నేనూ లేచాను. త్సోనా వెళ్ళి వీధివైపు కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.