మూడు అరల పెట్టె

అయినా దిక్సూచిని నమ్మడమంటే ఉత్తరాన్ని నమ్మడం కాదు, దగ్గర్లో ఇనుము లేదని నమ్మడం. ఇనుము లేని చోటు ఈ దేశంలో ఎక్కడుంది, ఈ బస్సు ఇనుమే, ఆ వంతెన లోపలంతా ఇనుమే, ఆఖరికి తన ఒళ్ళోని సంచిలో దిక్సూచి పక్కనే పడుకున్న పానా కూడా ఇనుమే, కాబట్టి దిక్సూచి వద్దు అనుకున్నాడు ఉపేంద్ర. మరుక్షణమే, అది కూడా లేకపోతే పెట్టె కొన్న మనిషికి ఎటు తిరగాలో ఎవరు చెబుతారు అనుకున్నాడు. సింగపూరు హౌగాంగ్‌లో బస్సెక్కినప్పుడు అతని జాబితాలో దిక్సూచి ఉంది. సగం దూరం వచ్చేసరికి లేదు. క్రాంజీ పొలాలు కనబడేసరికి మళ్ళీ వచ్చి చేరింది.

సంచిలో పానా కాక ఆరు వస్తువులున్నాయి. దిక్సూచి, రసమట్టం, ఎంత వాలిందో డిగ్రీల్లో చూపే బిళ్ళ, సిగ్నల్ తగిలితే ముల్లు లేచి కూత పెట్టే చిన్న మీటరు, ఉన్న చోటు చెప్పే జీపీఎస్, తెర ఉన్న పెద్ద మీటరు. కంపెనీ అమ్మే పెట్టెలో ఇలాంటివి పెట్టే అరలు మాత్రం మూడే.

"నాలుగు కెనాట్ లా, ఉపేంద్ర," అన్నాడు మేనేజరు మిస్టర్ టాన్ శుక్రవారం నాడు, కుదరదని తన సింగపూరు ఇంగ్లీషులో. "మూడు. సోమవారం తొమ్మిదింటికి లిస్టు నా టేబుల్ మీదుండాలి."

అది రెండువేల సంవత్సరం. కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయన్న గండం గడిచి నాలుగు నెలలైంది. ఏ ఆఫీసులో చూసినా అందరూ ఏదో ఒకటి కనిపెట్టేసే హుషారులో ఉన్నారు. ఉపేంద్ర కంపెనీ కనిపెట్టింది ఒక చిన్న డిష్. ఆస్ట్రేలియాలో ఇంటినే కారు వెనక తగిలించుకుని నెలల తరబడి ఊళ్ళు తిరిగేవాళ్ళుంటారు. సాయంత్రం ఎక్కడ ఆగితే అక్కడ ఈ డిష్ నిలబెట్టి, ఆకాశంలో ఉపగ్రహం వైపు గురిపెడితే టీవీ వస్తుంది. ఈ కొస నుంచి ఆ కొసకు గంటలో దాటిపోయే సింగపూరులో అలాంటి బండి ఎవరికీ అక్కర్లేదు. మామూలు ఇళ్ళ మీద డిష్ పెట్టుకోవడానికి అనుమతి కూడా లేదు. కంపెనీ లైసెన్సు తీసుకుని, క్రాంజీలో ఒక కూరగాయల తోట పక్కన, ఎన్నడూ కదలని ఒక తెల్లటి బండి ఇంటిని నిలబెట్టి అందులో పరీక్షలు చేస్తోంది.

మొదట అమ్మిన డిష్ పెట్టెల్లో చాలావరకు తిరిగొచ్చాయి. ఈసారి కూడా వస్తే ఆ విభాగాన్నే ఎత్తేస్తారు, దాంతోపాటు ఉపేంద్ర వర్క్ పాసూ పోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ బస్సులో అతన్ని తినేస్తున్నది అది కాదు. తిరిగొచ్చిన ఒక పెట్టెతో పాటు ఒక ముసలావిడ ఉత్తరం వచ్చింది. మా ఆయన మూడు సాయంత్రాలు దాన్ని తిప్పి తిప్పి చూశాడు, నాలుగో నాడు పెట్టెలో సర్దేశాడు, ఆనాటి నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు, లోపం వస్తువులో ఉందా ఆయనలో ఉందా దయచేసి చెప్పండి అని రాసింది. ఉపేంద్ర ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. చిన్నప్పుడు అతను లెక్క తప్పుచేస్తే తండ్రి పరంధామయ్య కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. పుస్తకం మూసి పక్కన పెట్టేవాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు. తప్పంటే అదే, ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి భయపడి అతను దేన్నీ తేల్చకుండా బతకడం నేర్చుకున్నాడు. తేల్చనిదాన్ని తప్పని ఎవరూ అనలేరు కదా.

క్రాంజీ బస్‌స్టాపులో భద్రయ్య ఎదురుచూస్తున్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి, షిప్‌యార్డులో ఓడల తుప్పు గీకే పని, పనివాళ్ళుండే డార్మిటరీ అక్కడికి దగ్గర్లోనే. కిందటి ఆదివారం ఇదే స్టాపులో ఫోను కార్డు గీకుతూ తెలుగులో విసుక్కుంటుంటే ఉపేంద్ర పలకరించాడు. డిష్ గురించి ఏమీ తెలియని మనిషి ఒకరు కావాలి, ఒక పూట వస్తారా అని అడిగాడు.

తోట పక్కన బండి ఇంటిని చూసి భద్రయ్య చుట్టూ తిరిగొచ్చాడు. మూడు కాళ్ళ స్టాండు మీదున్న డిష్‌ను వేలితో మీటాడు.

"ఏటి బాబూ, ఇంత సిన్నదానికా నన్ను పిలిసినారు? టెక్కలిలో పదకొండేళ్ళు కేబుల్ నడిపినాను నేను. ఇలాటివి నా సేతుల మీద ఎన్ని లేసినాయో."

ఉపేంద్ర సంచి దించి కింద పెట్టాడు. "మరి కిందటి వారం చెప్పలేదేం?"

"మీరడగలేదు గదా. పని తెలీనోడు కావాలన్నారు. తెలుసంటే ఒద్దంటారేమోనని ఊరుకున్నాను. ఆదివారం డార్మిటరీలో కూకుంటే పిచ్చెక్కిపోతాది."

ఇక చేసేదేముంది. ఉపేంద్ర ఆరు వస్తువులూ బల్ల మీద పరిచి, కావలసినవి తీసుకోమన్నాడు. తను మాత్రం ఒక్క మాట కూడా సాయం చెప్పనని, పక్కన కూచుని రాసుకుంటానని అన్నాడు. లోపల టీవీలో బొమ్మ రావాలి, అంతే.

భద్రయ్య ముందు తెర మీటరు తీసుకున్నాడు. మీట నొక్కితే అది అక్షాంశం ఎంత అని అడిగింది. ఏదో నొక్కాడు. రేఖాంశం అడిగింది. ఎండకు తెర సరిగా కనిపించక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదేటో అడుగుతోంది బాబూ. నేను దాన్నడగాల గానీ, అదే నన్నడిగితే ఎలగ?"

ఉపేంద్ర రాసుకున్నాడు. ఆ తెర వెనకున్న లెక్కంతా అతను ఎనిమిది నెలలు కూచుని రాసింది.

భద్రయ్య దాన్ని పక్కన పెట్టి దిక్సూచి తీశాడు. బండిని ఆనుకుని నిలబడి చూశాడు, రెండడుగులు జరిగి మళ్ళీ చూశాడు. ముల్లు ఒక్కోసారి ఒక్కో మాట చెప్పింది. "తాగేసినట్టుంది ఇది," అని దాన్నీ దించేసి సూర్యుడి వైపు చూశాడు. తూర్పు దొరికింది. ముల్లు మీటరు ఒక్కటి తగిలించుకుని, ఏ సందేహమూ లేకుండా డిష్‌ను ఆగ్నేయానికి తిప్పి, సగం ఎత్తుకు లేపాడు. ఆ తిప్పడంలో ఎంత చనువుందంటే, ఉపేంద్ర రాయడం మానేసి చూస్తూ ఉండిపోయాడు.

ముల్లు లేవలేదు.

భద్రయ్య కుడికి ఒక వెంట్రుకవాసి, ఎడమకు ఒక వెంట్రుకవాసి జరిపాడు. పావుగంట జోకులేశాడు. మరో పావుగంట దగ్గాడు. తర్వాత మాటలాగిపోయాయి. వైరు విప్పి, కొస తుడిచి, మళ్ళీ బిగించాడు. ముల్లు పడుకునే ఉంది. సాయం చెప్పకూడదని పెట్టుకున్న నియమం వల్ల ఉపేంద్ర నోరు విప్పలేదు. అతనికి జవాబు తెలుసు. బస్సు దిగకముందు నుంచీ తెలుసు.

చివరికి భద్రయ్య పానా తీసుకుని స్టాండు విప్పడం మొదలుపెట్టాడు.

"నా సెయ్యి పోయినాది బాబూ. నాలుగేళ్ళు తుప్పు గీకి గీకి, మరిసిపోనాది." అన్నది ఉపేంద్రతో కాదు, తన అరచేతితో. "ఇంటికాడ ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని పెట్టీవోణ్ణి."

ఇంటికాడ. ఆ మాట దగ్గర ఉపేంద్ర ఆలోచన ఆగింది. తిరిగొచ్చిన పెట్టెలోని బిల్లు తూర్పు తీరాన ఉన్న సిడ్నీది. ఉత్తరం మీది ముద్ర పడమటి తీరాన పెర్త్ దాటి ఇంకా ఉత్తరాన ఏదో ఊరిది. రెండూ అతను చూశాడు, ఎన్నోసార్లు చూశాడు, పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ ముసలాయనకు సిడ్నీలో గురి కుదిరే ఉంటుంది. ఖండం దాటి వచ్చాక కూడా ఆయన చెయ్యి అదే దిక్కుకు, అదే ఎత్తుకు పోయి ఉంటుంది. లోపం వస్తువులో లేదు, ఆయనలోనూ లేదు. ఆయన ఊరు మారాడు, చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఆగండి భద్రయ్య గారూ," అన్నాడు ఉపేంద్ర లేచి. "మీ చేతికేం కాలేదు. టెక్కలిలో అయితే మీరు పెట్టింది సరిగ్గా సరిపోయేది. ఈ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ మీద ఉంటాయి. మన ఊళ్ళనించి చూస్తే దక్షిణానికి వాలి కనిపిస్తాయి. ఇక్కడ మనం దాదాపు ఆ రేఖ మీదే ఉన్నాం. మనక్కావాల్సింది ఇప్పుడు మన నెత్తి మీదుంది."

భద్రయ్య తల పూర్తిగా వెనక్కి వంచి ఆకాశంలోకి చూశాడు.

"ఐతే అన్నం కంచంలాగ ఎల్లకిలా పెట్టీమంటారా?"

"దాదాపు అంతే. ఎనభై ఆరు డిగ్రీలు."

"ఇది ముందే సెప్పొచ్చు గదా?"

"చెప్పకూడదని రూలు."

"ఎవుడెట్టినాడా రూలు?"

"నేనే."

భద్రయ్య నవ్వాడు. ఉపేంద్రకూ నవ్వొచ్చింది, ఎవరైనా వింటారేమోనన్నట్టు ఒకసారి తోటవైపు చూసి, మళ్ళీ నవ్వాడు. భద్రయ్య బల్ల దగ్గరికెళ్ళి, ఇందాక ముట్టుకోని వాలు బిళ్ళను తీసి డిష్ వీపుకు అంటించాడు. "ఇదెందుకో ఇప్పుడు తెలిసినాది," అంటూ డిష్‌ను వెల్లకిలా వాల్చాడు. డెబ్భై, ఎనభై, ఎనభై ఐదు. మీటరు సన్నగా మూలిగింది. ఇంకొంచెం వాల్చగానే ముల్లు లేచి కూత పెట్టింది.

లోపల టీవీలో ఒకావిడ ఇద్దరికీ తెలియని భాషలో మాట్లాడుతూ చేప వేయిస్తోంది. భద్రయ్య బండి ఇంటి మెట్టు మీద కూచుని, తన సొంత చేపలాగే దాన్ని చూశాడు.

"కింద ఒక బెజ్జం ఎట్టాల బాబూ ఆ డిష్‌కి. లేకపోతే వానకు సెరువైపోతాది."

"రాసుకుంటాను."

"ఇంకోటి. ఊరి పేరు, పక్కన అంకె, అలాటి బోర్డుండాల. బస్టాండులో టైములు రాసి ఎడతారు సూడండి, అలగ. ఏ ఊర్లో దిగితే ఆ ఊరు సూసుకుంటాడు. ఇటు తిప్పు, ఇంత ఎత్తు, ఐపోయె. దిక్కు సూసీ ముల్లు కూడా ఉండాల్లెండి, కాకపోతే బండికి పదడుగుల అవతల నిలబడి సూడమని రాయాల." వేలితో తెర మీటరును చూపించాడు. "ఇది మాత్రం ఒద్దు. ఎవుడు సేసినాడో గానీ తెలివైనోడే. మనిషినెప్పుడూ సూసుండడు."

"నేనే చేశాను."

భద్రయ్య చూపించిన వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఐతే నేనేటీ అన్లేదు," అన్నాడు భద్రయ్య.

"అన్నారు. ఫర్వాలేదు."

ఫర్వాలేదని అన్నాక, నిజంగా ఫర్వాలేదా అని ఉపేంద్ర లోపల తడిమి చూసుకున్నాడు. నొప్పి ఉంది. కానీ అతను ఎదురుచూసిన చోట లేదు. ఎవరూ మౌనంగా లేచిపోలేదు. పైగా తప్పు పట్టినవాడు పక్కనే కూచుని, చేప మాడిపోతుందేమోనని కంగారు పడుతున్నాడు. ఎనిమిది నెలల లెక్క ఎక్కడికి పోతుంది? ఆస్ట్రేలియాలో ఉన్న ప్రతి ఊరికీ దాన్ని కంప్యూటరు చేత ఒకే రాత్రిలో కట్టించవచ్చు. పెట్టె మూత లోపల అంటించే కాగితం మీద, ఊరి పేరు, పక్కన రెండంకెలు. కాగితానికి అర అక్కర్లేదు. చూసేవాడికి అందులో ఉపేంద్ర అనే మనిషి కనబడడు, బస్టాండు బోర్డు రాసినవాణ్ణి ఎవరు తలుచుకుంటారు. మిస్టర్ టాన్‌కు తెర మీటరంటే ఇష్టం, రేపు గొడవపడాలి. వాన రోజున, వేరే నేల మీద, వేరే చేతుల్లో ఇది పనిచేస్తుందని హామీ ఏమీ లేదు. ఇంకో వారం పరీక్షిస్తే ఖాయంగా తెలుస్తుంది. ఇంకో నెలయితే ఇంకా ఖాయంగా.

జేబులోంచి జాబితా తీశాడు. ఆరు పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక ప్రశ్నార్థకం. జీపీఎస్ కొట్టేశాడు. ఊరి పేరు తెలియకుండా ఎవరూ ప్రయాణం చెయ్యరు. రసమట్టం కొట్టేశాడు. వాలు బిళ్ళ ఆ పని కూడా చేస్తుంది. పెన్ను కొట్టెయ్యాల్సిన మూడో పేరు దగ్గరికొచ్చి నిలబడింది.

"సేపను తిరగేసింది బాబూ," అన్నాడు భద్రయ్య లోపలికి చూస్తూ. "మాడలేదు, బాగా యేగింది."

ఉపేంద్ర తెర మీటరు అన్న మాట మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక గీత గీశాడు.