ఎర్రబడిన కణాలు

చెల్లికి పుట్టినప్పటి నుంచీ ఒంట్లో రక్తం పట్టదు. మూడు వారాలకోసారి ఎవరిదో రక్తం ఎక్కించాల్సిందే. అక్క ల్యాబ్‌లో పరిశోధకురాలు. పాలిఅమీన్లనే చిన్న పదార్థాలు తగ్గితే ఎముక మజ్జలోని మూలకణాలు ఎర్రకణాలుగా మారవనీ, హిమోగ్లోబిన్ తయారుకాదనీ ఆమె నమ్మకం. చెల్లి మజ్జలోంచి తీసిన కణాలకే పాలిఅమీన్లు కలిపి చూసింది. పన్నెండో రోజుకి ఆ కణాలున్న గాజు గొట్టం అడుగు ఎర్రబడింది.

అక్క ఫోన్‌లో ఫోటో తీసుకుని చెల్లి ఉన్న ఆసుపత్రి వార్డుకు పరుగెత్తింది.

“ఇవి నీ కణాలేనే! ఎంత ఎర్రగా ఉన్నాయో చూడు!”

చెల్లి పాలిపోయిన మొహంలో ఆశ మెరిసింది. “మరి ఆ మందు నాకెప్పుడిస్తారు?”

అక్క ఫోన్ దించింది. “ముందు ఎలుకల మీద చూడాలి. ఆ తర్వాత మనుషుల మీద. పదేళ్లు పట్టొచ్చు.”

“బావుంది. నొప్పి నాకు, రంగు నీ గొట్టానికి.”

మరోసారి మజ్జ తీయడానికి చెల్లి సంతకం కావాల్సిన కాగితం అక్క సంచిలో ఉంది. సిగ్గుతో చచ్చిపోతూనే దాన్ని బయటికి తీసింది.

చెల్లి చదవకుండానే సంతకం గీకి, గోడవైపు తిరిగి పడుకుంది.