గుడ్డు పెంకు కనపడని ఇల్లు

యశోదమ్మ నిప్పులాంటి మనిషి. ఈ మాట ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఎవరూ అడక్కపోతే యశోదమ్మే చెబుతుంది. బుక్కరాయసముద్రం దాటాక బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరది. మనుషులైతే నడిచి వస్తారుగానీ వానలు మాత్రం బస్సు స్టాపు దగ్గరే ఆగిపోతాయి. ఆ ఊరి అంగన్‌వాడీలో ఆమె పందొమ్మిదేళ్ళుగా టీచరు.

ఆ నిప్పుకి వెనకాల ఒక కథ ఉంది. ఆరేళ్ళ కిందట హనుమంతప్ప అనే పెద్దమనిషికి కోపం వచ్చింది. తన మనవడికి పిండి ప్యాకెట్టు ఒకటి తక్కువిచ్చిందట. ఆ కడుపుమంటతో, టీచరు సెంటరు గుడ్లు ఇంటికి మోసుకుపోతోందని అర్జీ పెట్టాడు. పైనుంచి ఇద్దరు వచ్చి ఆమె ఇల్లు సోదా చేశారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికారు. అటక మీది కుండలు దించారు. మంచం కింద టార్చిలైటు వేసి చూశారు. వీధి వీధంతా వాకిట్లో నిలబడి చోద్యం చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయినా ఆ సోదా మాత్రం యశోదమ్మను వదల్లేదు.

ఆ రోజునుంచి సెంటరుకి చేతిసంచి పట్టుకుపోవడం మానేసింది. సాయంత్రం తాళం వేశాక, ఆయా ఓబులమ్మ ముందు చీర కొంగు దులిపి మరీ ఇంటిదారి పట్టేది.

"చూసుకోమ్మే, కరేపాకు రెబ్బ గూడా లేదు."

"నిన్ను ఎవురడిగినారక్కా?" అని ఓబులమ్మ ఆరేళ్ళుగా విసుక్కుంటూనే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈమె తడుముకోవడం ఆపితే కదా.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంట్లోకి గుడ్లు కొనడం కూడా మానేసింది మహాతల్లి. చౌడప్ప అంగట్లో తన డబ్బు పెట్టి కొన్నా సరే, వాకిలి ముందు చెత్తలో పెంకు కనపడితే చాలు, సెంటరు గుడ్డేనంటారని భయం. ఆరేళ్ళుగా ఆ ఇంటి చెత్తలో ఎవరికీ గుడ్డు పెంకు కనపడలేదు. అది ఆమెకు ఎక్కడలేని గొప్ప.

ఆ ఇంటికి తొలి కాన్పుకి వచ్చింది సువర్ణ. యశోదమ్మకు ఒక్కతే కూతురు. తండ్రి లేడు. సువర్ణా, మొగుడు దేవేంద్రా రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేసేవాళ్ళు. అయిదో నెల రాగానే దేవేంద్ర పెళ్ళాన్ని బస్సెక్కించాడు. "మీయమ్మ టీచరు గదా, ఆడుంటే నీ తిండికి కొదవుండదు" అన్నాడు. పాపం, ఆ అల్లుడి నమ్మకం అది.

వచ్చిన మర్నాడే సువర్ణ అడిగింది.

"మా, నా పేరు ఈ సెంటరుకి మార్చు. మద్దేనం బువ్వ ఆడే తింటా."

ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే అయిపోయే పని. యశోదమ్మ ఉలిక్కిపడింది.

"వద్దే తల్లీ. టీచరు కూతురు వచ్చి సర్కారు బువ్వ తింటాంటే జనం నోరు మూసుకోని ఉంటారా? ఇంట్లో ఉండేదే తిను. మనకి మర్యాద ముఖ్యం."

ఇంట్లో ఉండేది ఏముందని? పొద్దున ఎనిమిదికల్లా పరుగెత్తే మనిషి ఇంత అన్నం వార్చి, ఊరిబిండి పచ్చడి నూరిపెట్టి పోయేది. మీటింగులనీ సర్వేలనీ తిరిగి చీకటి పడే వేళకు వచ్చి, ఓపిక లేక అంత చారు కాచేది. "తిన్నావా?" అంటే "తిన్నా" అనేది సువర్ణ. చిన్నప్పటినుంచీ అడిగి పెట్టించుకునే పిల్ల కాదు. ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి ఆడదాని కంటిరెప్పా కిందికి లాగి చూసే యశోదమ్మ, కన్నకూతురి ముఖం పగటి వెలుతుర్లో సరిగ్గా చూడలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా?

బయట మోత సంగతి కూడా చెప్పాలి. హుస్సేన్‌బీ అని, శెనక్కాయలు వలిచే కూలికి పోయే అమ్మాయి. ఆరో నెల. సెంటరులో పెట్టిన గుడ్డును తినకుండా కొంగున కట్టుకుపోయి పెద్దపిల్లకి పెట్టుకునేది. పోయిన నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిదే వచ్చేసరికి ఆ కొంగు ముడి యశోదమ్మ కంట పడింది. ఇక చూడండి! అందరి ముందూ నిలబెట్టి ముడి విప్పించింది.

"నీ కడుపులో ఉండే బిడ్డకి కడుపు లేదా? తల్లివేనా నువ్వు? తిను, నా కండ్ల ముందర తిను!"

హుస్సేన్‌బీ ఏడుస్తూ గుడ్డు మింగింది. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు. ఆ రోజు యశోదమ్మ ఇంటికి పోతూ, ఒక మంచి పని చేశాననుకుంది. నిజానికి మంచి పనే. చేసిన తీరే పాడు తీరు.

ఈ బుధవారం నర్సు త్రివేణి మళ్ళీ వచ్చింది. కడుపుతో ఉన్న ఏడుగురు ఆడవాళ్ళు చాప మీద వరసగా కూర్చున్నారు. లోపల ఓబులమ్మ ఆకుకూర పప్పు దించి గుడ్లు ఒలుస్తోంది. త్రివేణి ఒక్కొక్కరి వేలూ పొడిచి, నెత్తుటి చుక్క మిషన్‌కి అంటించి, వచ్చిన అంకె పైకి చదువుతోంది.

"హుస్సేన్‌బీ, పది పాయింట్ నాలుగు! శభాష్!"

"చూసినావా మరి? నా తిట్లు ఊరికే పోతాయా!" అంది యశోదమ్మ. హుస్సేన్‌బీ నవ్వీ నవ్వనట్టు నవ్వింది.

"అక్కా, సువర్ణ గూడా ఈడే ఉండాది గదా," అంది త్రివేణి. "ఏడో నెల పడింటాది. పిలిపీ, ఒక పని అయిపోతాది."

యశోదమ్మ సంతోషంగానే ఓబులమ్మను పంపింది. తన కూతురికి ఏం తక్కువ? కాసేపటికి సువర్ణ వచ్చింది. సెంటరుకి ఉన్నవి మూడే మెట్లు. మూడూ ఎక్కి గడప పట్టుకుని నిలబడిపోయింది. నోటితో గాలి పీల్చుకుంటోంది.

"ఏందే ఆ ఆయాసం? అందరూ చూస్తాండారు, లోపలికి రా," అని విసుక్కుంది తల్లి.

త్రివేణి లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రెప్ప కిందికి లాగి చూసింది. తెల్లగా, ఉతికిన గుడ్డలా ఉంది. వేలు పొడిచింది. మిషన్ వంక చూసింది. ఇంకో వేలు పొడిచి మళ్ళీ చూసింది. ఈసారి అంకె పైకి చదవలేదు. మిషన్‌ని యశోదమ్మ వైపు తిప్పింది.

ఆరు పాయింట్ రెండు.

యశోదమ్మకి తల కొట్టేసినట్టయింది. ఊరి మొత్తంలో అంత తక్కువ రక్తం ఎవరికీ లేదు. కూలికి పోయేవాళ్ళకి లేదు, మొగుడు తాగొచ్చి తన్నేవాళ్ళకి లేదు. టీచరమ్మ కూతురికి ఉంది. చాప మీద ఏడుగురూ ఇటే చూస్తున్నారు. ఆ క్షణంలో ఆమెకు బిడ్డ ప్రాణం గుర్తు రాలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉందిగానీ నిజం అదే. ఆమెకు హుస్సేన్‌బీ ముఖం కనపడింది. రేపటినుంచి వీధిలో వినిపించబోయే మాటలు వినపడ్డాయి. వంగి త్రివేణి చెవి దగ్గర గొణిగింది.

"త్రివేణీ... కార్డులో తొమ్మిదని రాయమ్మా. నెల తిరిగేలోపల నేను సరిజేస్తా. ఇంతమందిలో నా పరువు తియ్యొద్దు."

త్రివేణి కార్డు తెరిచి కలం పట్టుకుంది.

"రాయమంటే రాస్తానక్కా, నీకి నేను చెప్పేంత పెద్దదాన్ని కాదు. తొమ్మిదుంటే పెద్దాసుపత్రిలో చేర్చుకోరు. మాత్రలిచ్చి ఇంటికి పొమ్మంటారు. ఆరుంటేనే ఈపొద్దు రక్తం ఎక్కిస్తారు. ఇట్లే కాన్పయ్యి రక్తం పోతే, సువర్ణ యాడ మిగుల్తాది? నువ్వే చెప్పు, ఏం రాయల్ల?"

మెల్లగానే అంది. కానీ ఆ గదిలో అప్పుడు పప్పు గరిటె చప్పుడు కూడా లేదు. అందరికీ వినపడింది. ఆరేళ్ళ కిందట సోదా చేసినవాళ్ళకి ఆ ఇంట్లో ఏ తప్పూ దొరకలేదు. ఈ రోజు ఎవరూ సోదా చెయ్యకుండానే యశోదమ్మ దొరికిపోయింది. భూమి చీలి మింగేస్తే బాగుండుననుకుంది. భూమి అలాంటి సాయాలు చెయ్యదు.

సువర్ణ పొడిపించుకున్న వేలు కొంగుతో అదుముకుంటూ తల ఎత్తింది.

"మాయమ్మ చెప్పినట్టే రాయక్కా. నాకేం కాదు. లేకుంటే మాయమ్మకి మాటొస్తాది."

ఆ మాటతో యశోదమ్మ లోపల ఏదో తెగిపోయింది. బిడ్డ తిట్టలేదు, ఏడవలేదు, తల్లి పరువు కోసం తన ప్రాణాన్ని అంత తేలిగ్గా ఇచ్చేస్తోంది. ఇది ఎవరు నేర్పితే వచ్చింది? తనే నేర్పింది. ఉగ్గుపాలతో నేర్పింది. ఆకలేసినా అడక్కూడదని, ఒకరు చూస్తే ఏమనుకుంటారోనని.

"ఆరూ రెండే రాయి," అంది గట్టిగా. "రాసి ఆసుపత్రి గాడీ పిలువు. నేనే తిననీలేదు త్రివేణీ! ఈడికొచ్చి తింటానని అడిగింది, నేనే వద్దన్నా. రెండు నెలల్లో దానికి ఒక్క గుడ్డు పెట్టలేదు నేను. ఎవురేమనుకుంటారో అని నా బిడ్డని ఎండబెట్టుకున్నా!"

అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఎవరైనా ఒక మాట అంటారని కాచుకుంది. హుస్సేన్‌బీ వంక కూడా చూసింది. అనమ్మా, నీ వంతు వచ్చింది, నా మీద ఉమ్మెయ్యి, తల్లివేనా నువ్వని అడుగు, అన్నట్టు చూసింది. హుస్సేన్‌బీ చాప మీద కొంచెం జరిగి తన పక్కన సువర్ణకి చోటు చేసింది. మిగతావాళ్ళు కాళ్ళ వేళ్ళ వంక చూసుకుంటున్నారు. తిట్టి ఉంటే ఎంతో తేలిగ్గా ఉండేది.

త్రివేణి బయటికి వెళ్ళి ఫోన్ చేసి వచ్చింది. "అర్ధగంటలో వస్తాదంట. అంతలో ఇంత తినిపీండి."

ఓబులమ్మ ఎవరినీ అడగలేదు. కంచంలో అన్నం, పప్పు, రెండు గుడ్లు పెట్టుకొచ్చి సువర్ణ ముందు ఠపీమని పెట్టింది. "తినమ్మే. మీయమ్మ మర్యాద ఇంగ నేను చూసుకుంటాలే," అంది.

సువర్ణ కంచం మీద చెయ్యి వెయ్యలేదు. వాకిలి వంక చూసింది. వరసలో కూర్చున్న ఆడవాళ్ళ వంక చూసింది. చివరికి తల్లి వంక చూసింది.

"తిననా, మా?"

యశోదమ్మ తల ఊపింది. సువర్ణ గుడ్డు తీసుకుని, తల్లి ఎక్కడ మళ్ళీ వద్దంటుందోనన్నట్టు, నమలకుండానే మింగడం మొదలుపెట్టింది.