మూత తీసినా తిరిగే తొట్టి

గోదావరిఖనిలో బట్టల మిషన్లు బాగుచేయడం ఇరవై రెండేళ్లుగా నా పని. ఏడో తరగతిలోనే బడి మానేశాను గానీ, ఏ మిషన్ ఎందుకు మొరాయించిందో చప్పుడు విని చెప్పగలను.

ఆఫీసర్ల ఇళ్లలో ముందు తలుపున్న మిషన్లు. నీళ్లు పోవడం లేదంటే కింద జాలీ విప్పితే చాలు, గుండీలు, పిన్నీసులు రాలతాయి. డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా ఆ తలుపు తెరుచుకోదు. పై మూత మిషన్లయితే మూత లేపగానే కూతపెట్టి ఆగిపోతాయి. కార్మికుల క్వార్టర్లలో ఎక్కువగా రెండు తొట్లవే. ఒకదాంట్లో ఉతకడం, పక్కదాంట్లో పిండడం. పిండే తొట్టి మూత కింద చిన్న స్విచ్ ఉంటుంది. మూత లేపితే కరెంటు ఆగి బ్రేకు పడుతుంది.

నేను పాపం చేసింది ఆ స్విచ్ దగ్గరే.

పోయిన ఎండాకాలం పూలమ్మ ఇంట్లో పిండే తొట్టి తిరగడం మానేసింది. ఆమె భర్త రాయమల్లు గనిలో బొగ్గు మోసే బెల్టు దగ్గర పనిచేస్తాడు. డ్యూటీ బట్టల నలుపు ఓ పట్టాన వదలదు. అందుకని మా కాలనీ ఆడవాళ్లు వాటిని పిండే తొట్టిలో వేసి, మగ్గుతో నీళ్లు పోస్తూ, పైపులోంచి తేటనీళ్లు వచ్చేదాకా తిప్పుతారు. మూత లేపిన ప్రతిసారీ తొట్టి ఆగడం వాళ్లకు విసుగు. ఆ రోజు స్విచ్ కాలిపోయి ఉంది, నా దగ్గర కొత్తది లేదు. వైర్లు రెండూ కలిపి టేపు చుట్టాను. మూత లేపినా బ్రేకు పడకుండా దాని తీగ లాగి కట్టేశాను. రెండు రోజుల్లో వచ్చి స్విచ్ వేస్తానన్నాను.

మూడో రోజు వెళితే పూలమ్మ వద్దంది. మూత తీసినా తిరుగుతోందట, నీళ్లు పోయడానికి హాయిగా ఉందట. కుదరదని నేను చెప్పాలి. చెప్పలేదు. తర్వాత పక్కింటి జమున, ఇంకో నలుగురు, పూలమ్మకు చేసినట్టే చెయ్యమని పిలిచారు. ఆఫీసర్ల ఇళ్లలో నన్ను గడప దగ్గరే నిలబెడతారు. వీళ్లు అన్నా అని కుర్చీ వేసి చాయ్ ఇస్తారు. ఆ చాయ్‌కి లొంగి ఐదిళ్లలోనూ చేశాను.

నిన్న రాయమల్లు ఫోన్ చేశాడు, తొట్టి కొట్టుకుంటోందని. పొద్దున వెళ్లాను. పూలమ్మ కుడి చేతికి కట్టు ఉంది. తిరుగుతున్న తొట్టిలోంచి చొక్కా చెయ్యి బయటికి వేలాడుతుంటే లోపలికి నెట్టబోయిందట. అది చుట్టుకుని చేతిని లాగేసింది. రెండు వేళ్లు విరిగాయి. చూపుడు వేలు ఇక వంగదని దవాఖానలో చెప్పారట.

“నాదే తప్పు అన్నా. అన్నిటికీ జల్ది,” అంది, ఎడమ చేత్తో చాయ్ అందిస్తూ.

రాయమల్లు కూడా ఆమెనే తిట్టాడు.

గ్లాసు కింద పెట్టి, వెనక రేకు విప్పాను. నేను చుట్టిన నల్లటేపు అలాగే ఉంది. తొట్టి కింద చిరిగిన రబ్బరు మార్చాను. తర్వాత కొత్త స్విచ్ వేసి, కట్టేసిన బ్రేకు తీగ విప్పాను. ఇలాగే సంచి సర్దుకుని వెళ్లిపోతే తప్పు నాదని ఎవరికీ తెలియదు.

తిప్పి చూపించాను. పూలమ్మ అలవాటుగా మూత లేపింది. తొట్టి ఆగింది.

“మళ్ల ఆగుతాందేంది? రిపేరు కాలేదా?”

స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

“ఆగుడే దాని పని చెల్లె. ఆగకుండ చేసింది నేనే. నీ తప్పు లేదు.”

పూలమ్మ కట్టు కట్టిన చేతిని కొంగు కిందికి లాక్కుంది. రాయమల్లు వచ్చి మిషన్ మూత ఓసారి లేపి చూశాడు.

“మా బెల్టు కాడ తాడుంటది. గుంజితే బెల్టు ఆగుతది. ఆ తాడును ఎవడన్న పనిచెయ్యకుంట కట్టేస్తే వానికి ఛార్జిషీటు ఇస్తరు,” అన్నాడు. “ఇంకెన్ని ఇండ్లల్ల చేసినవ్?”

“ఐదు.”

“మరి ఇంక గీడ కూసున్నవేంది?”

సంచి తీసుకుని లేచాను. పక్కింటి పెరట్లో జమున మగ్గుతో నీళ్లు పోస్తోంది. తొట్టి మూత బార్లా తెరిచి ఉంది. సంగతి చెబితే నవ్వింది. తాను జాగ్రత్తగానే ఉంటానని, గట్లనే ఉండనియ్యమని బతిమాలింది.

వెళ్లి ప్లగ్గు పీకాను.