దిమ్మెల మీది పడవ

మా ఊళ్ళో చదునైన నేల ఒక్కటే ఉంది. మా ఇంటికి ఎదురుగా, సముద్రం ఒడ్డున. పడవలు కట్టేదీ అక్కడే, క్రికెట్ ఆడేదీ అక్కడే. మా విండ్‌వర్డ్ వాళ్ళకి ఈ రెండు తప్ప మూడో పని రాదని కారియకూ దీవిలో మిగతా ఊళ్ళవాళ్ళు అంటారు. అబద్ధమేం కాదు.

నేను పడవలు కట్టేవాణ్ణి. నా మేనల్లుడు ఎల్రిక్ బెథెల్ బంతి వేసేవాడు.

వాడికి తొమ్మిదేళ్ళున్నప్పుడు నేనొక పెద్ద పడవకి అడుగుదూలం వేశాను. కలప దొరికితే కట్టడం, దొరక్కపోతే చూస్తూ కూర్చోవడం. పదకొండేళ్ళు అది చెక్క దిమ్మెల మీదే ఉండిపోయింది. సముద్రం వైపు నుంచి బంతి వెయ్యాలంటే దాని ముక్కు అడ్డం. ఎల్రిక్ దాన్ని చుట్టి పరిగెత్తుకొచ్చేవాడు. ఒకసారి పలక అంచు గీసుకుని భుజానికి ఏడు కుట్లు పడ్డాయి. అప్పటినుంచి పడవ దగ్గరికి రాగానే వాడి భుజం దానంతటదే పక్కకి తిరిగేది. అలా తిరిగిన చేతిలోంచి వచ్చిన బంతి తిన్నగా వస్తున్నట్టే వచ్చి, ఆఖర్న పక్కకి జారిపోయేది. ఆడేవాడు బ్యాటు ఊపి, వెనక్కి తిరిగి, పడ్డ వికెట్టు కేసి చూసేవాడు.

వాడికి ఇరవయ్యో ఏట ద్వీపాల జట్టు నుంచి పిలుపొచ్చింది. ఊరికి గర్వం ఆగలేదు. మనవాడికి సరైన మైదానం లేకపోతే ఎలా అన్నారు. పడవ పూర్తిచేసి నేల ఖాళీ చెయ్యడానికి ఊరంతా పనిలోకి దిగింది. నేను పదకొండేళ్ళలో చెయ్యనిది నాలుగు నెలల్లో అయిపోయింది. గొర్రెల్ని కోశారు, డప్పులు కొట్టారు, దన్ను కర్రలు గొడ్డళ్ళతో నరికి పడవని దుంగల మీద పడుకోబెట్టి, తాళ్ళతో లాగి నీళ్ళలోకి తోశారు. దాని పేరు కూడా ఎల్రిక్కే. మర్నాడు అది ఉన్న చోట నేల చదును చేసి, గడ్డి వేశారు.

వాడి బంతిని వంచింది ఆ పడవేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

నాలుగేళ్ళు వాడు బాగా ఆడాడు. రేడియోలో వాడి పేరు వస్తే రొట్టెల కొట్టు దగ్గర నిలబడి వినేవాళ్ళం. తరవాత ఎవరో కోచ్ ఆ వంకర పరుగు నడుముకి చేటన్నాడు, తిన్నగా చేశాడు. నడుము బాగుపడింది. బంతి జారడం మానేసింది. జట్టు వదిలేసింది. ఆరు వేసవులు ఇంగ్లాండులో చిన్న క్లబ్బులకి ఆడాడు, ఏడాదికో ఊరు.

మొన్న మార్చిలో ఓడ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. ముప్పై ఒకటి నిండాయి. మా ఆవిడ అయోనా మొక్కజొన్న సంకటి, చేపల పులుసు పెట్టింది. సగం తిని ఆపాడు.

"పన్నెండు రోజుల్లో బార్బడోస్‌లో పరీక్ష ఉంది మామా. ఒక్క క్లబ్బు చూస్తానంది. వాళ్ళు కాదంటే ఇంక నన్ను పిలిచేవాళ్ళు లేరు. నా పాత బంతి నాక్కావాలి."

"ఇక్కడ వెతుకుతావా?"

"ఇంకెక్కడ పోగొట్టుకున్నానని?"

పొద్దున్నే మైదానంలోకి దిగాడు. వికెట్ల వెనక కాడ్మన్ నిలబడ్డాడు. నా పడవల పలకల సందుల్లో, నీళ్ళు రాకుండా, నార కూరేది వాడే. పొట్ట ముందుకొచ్చింది, వంగలేడు.

పది బంతులు పడ్డాయి. పదీ తిన్నగా వచ్చాయి.

"ఒరే, ఇవి మా అత్త కూడా కొడుతుందిరా. ఆవిడ పోయి మూడేళ్ళయింది!" అన్నాడు కాడ్మన్.

ఎల్రిక్ నవ్వలేదు. పడవ ముక్కు ఉండే చోటు గుర్తుపట్టి, ఖాళీ డ్రమ్ములు రెండు నిలబెట్టి, చుట్టి పరిగెత్తాడు. అయినా తిన్నగానే. మూడు రోజులు అదే తంతు.

"డ్రమ్ము తగిలితే డ్రమ్ము పడుతుంది. పడవ తగిలితే నేను పడతాను. ఆ తేడా నా భుజానికి తెలుసు మామా," అన్నాడు చివరికి.

"అయితే జొసాయా, ఆ ఎల్రిక్‌ని ఒడ్డుకి లాక్కొచ్చి ఈ ఎల్రిక్ ముందు పెట్టు," అన్నాడు కాడ్మన్ నాతో.

"నోరు ముయ్యి. నీళ్ళు తాగిన పడవని మళ్ళీ దిమ్మెలెక్కిస్తారా ఎవరైనా? చచ్చిన పడవే దిమ్మెలెక్కేది."

"మరి చూస్తూ కూర్చుందాం."

మా పెరట్లో దూలం ఒకటుంది. గయానా నుంచి వచ్చిన గట్టి చేవ కర్ర. ఎనిమిదేళ్ళుగా కోళ్ళు దాని మీద పడుకుంటున్నాయి. ఇంక పడవ కట్టనని చెప్పి పడేశాను. నాకు అరవై నాలుగు. అడుగుదూలం వేసి దానికి కోడి రక్తం చూపించాక, వేసినవాడే పడవ పూర్తి చెయ్యాలి. వదిలేసి చస్తే ఆ ఇంటికి మంచిది కాదు. మా నాన్న ఆఖరి పడవ అలాగే ఆగింది. దాని సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మర్నాడు పొద్దున దూలం మీది కోళ్ళని అదిలిస్తుంటే అయోనా చూసింది.

"ఏమయ్యా, వాటినెందుకు లేపుతున్నావ్?"

నేను ఆఖరి కోడినీ తోలేశాను. ఆవిడ ఖాళీ అయిన దూలం కేసి చూసింది.

"ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా?"

"తెలుసు."

"నీకు అన్నేళ్ళున్నాయా?"

"తెలీదు."

లోపలికెళ్ళి రమ్ము సీసా తెచ్చింది. "పుంజుని నేను పట్టుకుంటాలే. నువ్వు కత్తి చూసుకో," అంది.

దూలం పాత చోటే వేశాం. పుంజు రక్తం, రమ్ము పోశాను. ఎల్రిక్ దూరంగా నిలబడిపోయాడు. మా నాన్న పడవ సంగతి వాడికి తెలుసు.

"మామా, ఇది వద్దు. నేను అడగలేదు."

"ఆ కొస పట్టుకో."

అయిదు రోజులు, కాడ్మన్‌తో కలిపి ముగ్గురం పనిచేశాం. ముక్కు కర్ర లేచింది, ముందువైపు పక్కటెముకలు నాలుగు లేచాయి. అన్నీ వంపు తిరిగిన సీడారు చెట్టు కొమ్మలు. ఆరో రోజు వాడు సముద్రం వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. ముక్కు దగ్గర అడుగు తడబడి, గడ్డం గీసుకుంది. తిట్టుకుని వెనక్కెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఎన్నో బంతికో నేను లెక్కపెట్టలేదు. కాడ్మన్ ఒక పక్కకి చేతులు చాచాడు, బంతి ఇంకో పక్కనుంచి పోయి కంచెకి తగిలింది.

కాడ్మన్ కంచె కేసి చూశాడు. అక్కడిదాకా నడిచి, పొట్ట నొక్కుకుని వంగి, బంతి తనే తీసుకొచ్చాడు. వాడు వంగడం నేను చూసి ఏళ్ళయింది.

వెళ్ళేరోజు రేవులో నేను అడిగాను. "అక్కడ పడవ ఉండదుగా?"

ఎల్రిక్ గడ్డం మీది గాయం తడుముకున్నాడు. "ఇది మండుతున్నంత కాలం నా భుజానికి పడవ ఉన్నట్టే. మానేలోపు పరీక్ష అయిపోతుంది," అన్నాడు.

క్లబ్బు వాణ్ణి రెండు వేసవులకి తీసుకుంది. ఫోనులో చెప్పాడు. మొదట అయోనాకి చెప్పాడు, తరవాత నాకు. ఏటా సీజనుకి ముందు నెల రోజులు వచ్చి ఇక్కడ బంతి వేసుకుంటానన్నాడు.

పడవకి ఇప్పుడు పందొమ్మిది పక్కటెముకలున్నాయి. రోజూ పొద్దున రెండు గంటలు, అంతే. అటుగా పోయేవాళ్ళు ఆగి అడుగుతారు, ఇదెప్పుడు నీళ్ళు చూస్తుంది పెద్దాయనా అని. కిందటి వారం ఊరి కుర్రకారంతా కలిసొచ్చి, మేమూ చెయ్యి వేస్తాం, ఆర్నెల్లలో తేల్చేద్దాం అన్నారు.

ఒక్కడూ ఒక్క మేకు కూడా కొట్టొద్దన్నాను. వాడు ఆడుతున్నంత కాలం ఇది ఇక్కడే ఉండాలి. వాడు ఆడడం మానేసిన రోజుకి, దీన్ని పూర్తి చెయ్యడానికి నేను బతికుండాలి. పొద్దున లేవగానే ఈ రెండూ చూసుకుని, సుత్తి అందుకుంటాను.