రెండు మూతలు

ల్యాబులో ఆమెకు అందరూ పెట్టిన పేరు అనుమానం మేడమ్. తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే మనిషి. గ్యాస్ కట్టానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వెళ్ళిన రోజులు లెక్కలేనన్ని. అందుకే ఆ మంగళవారం పొద్దున పళ్ళు తోముకుంటూ ఉన్నట్టుండి నిన్న ల్యాబులో ఏదో తారుమారైందేమో అనిపించినప్పుడు, ఇది కూడా అలాంటిదేలే అని సర్దిచెప్పుకోబోయింది.

సైన్యంలో చేసి మోకాళ్ళు అరగదీసుకున్నవాళ్ళకు కొత్త గుజ్జు పెంచడం ఆమె పని. మోకాలి అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క తీస్తారు. అందులోని కణాలను గాజు గిన్నెలో, పోషక ద్రవంలో, ఒంటి వేడి దగ్గర ఆరు వారాలు సాకితే తెల్లటి పలుచని పలక తయారవుతుంది. దాన్ని అరిగిన చోట అతికిస్తారు. ఎవరి కణాలు వాళ్ళకే. ఒకరివి ఇంకొకరికి పెడితే కీలు వాచి, ఉన్నది కాస్తా ఊడే ప్రమాదం ఉంది.

ఆ వారం రెండు గిన్నెలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి ఇరవై రెండేళ్ళు విమానాల్లోంచి పారాచూట్‌తో దూకిన సార్జెంటుది. రెండోది మిలిటరీ లారీలు తోలిన డ్రైవరుది. ఇద్దరికీ బుధవారమే ఆపరేషన్.

సోమవారం సాయంత్రం గిన్నెలున్న వేడిపెట్టె మొరాయించి అలారం మోగింది. వాటిని పక్క పెట్టెలోకి మార్చి ద్రవం కూడా మార్చాలి. ఒకరి గిన్నె మూసిన తరవాతే ఇంకొకరిది తెరవాలని నియమం. ఆ హడావిడిలో ఆమె రెండు మూతలూ ఒకేసారి తీసింది. పేర్లు మూతల మీదే ఉన్నాయి. అడుగున రాసినవి స్పిరిట్‌తో తుడిచీ తుడిచీ చెరిగిపోయాయి. ఏ మూత దేనికి పెట్టిందో ఇప్పుడెంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు.

భర్త నవ్వేశాడు. గ్యాస్ ఎప్పుడైనా తెరిచి ఉందా అని అడిగాడు. ఎప్పుడూ లేదు.

ల్యాబుకు వచ్చి రెండింటినీ మైక్రోస్కోపు కింద చూసింది. కవల పిల్లల్లా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ చెప్పలేదు. అప్పుడే సార్జెంటు భార్యతో కలిసి ఆస్పత్రిలో చేరడానికి వచ్చాడు. మెట్ల కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు.

"ఏమ్మా, నా గుజ్జు ఎలా ఉంది? వేళకి తింటోందా?"

"బాగుంది బాబాయ్" అని నోరు దానంతటదే అనేసింది. ఆమె నేరుగా పెద్ద డాక్టరు గదికి నడిచింది.

పెద్ద డాక్టరు తిట్టలేదు. పెన్ను కింద పెట్టింది.

"తారుమారయ్యాయని గట్టిగా చెప్పగలవా?"

"లేదండీ."

"కాలేదని?"

"అదీ చెప్పలేనండీ."

ఆపరేషన్లు ఆగిపోయాయి. ఇద్దరి రక్తంతో కణాలను పోల్చే పరీక్షకు పంపారు. డ్రైవరు రక్తం ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయాడు. జవాబు గురువారానికి గానీ రాదు. పలకలు అప్పటికే పక్వానికి వచ్చాయి. ఇక నుంచి కణాలు చనిపోవడమే. నూటికి ఎనభై బతికి ఉంటేనే పనికొస్తాయి.

సార్జెంటుకు తనే వెళ్ళి చెప్పింది. ఆపరేషన్ కోసమని ఆయన వారం నుంచి నొప్పి మాత్ర మానేసి పళ్ళ బిగువున భరిస్తున్నారని భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన ఎన్ని రోజులని మాత్రం అడిగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట ఇక జోకులు లేవు.



గురువారం జవాబు వచ్చింది. ఏదీ తారుమారు కాలేదు. మేం చెప్పలేదూ అన్నారు తోటివాళ్ళు. తరవాత నూటికి ఎన్ని కణాలు బతికున్నాయో లెక్కపెట్టారు. సార్జెంటువి ఎనభై ఆరు. డ్రైవరువి డెబ్బై నాలుగు. ఇంకొకరు మళ్ళీ లెక్కపెట్టినా డెబ్బై మూడే.

డ్రైవరుకు ఫోన్ తను చేస్తానంది పెద్ద డాక్టరు. వద్దండీ, నేనే చేస్తాను అంది ఆమె.

అంతా విన్నాక అతను అడిగాడు. "తప్పేం జరగలేదన్నారుగా మరి?"

"జరగలేదండీ. జరిగిందేమోనని నేనే ఆపించాను. ఈలోపు మీది పాడైంది."

"మళ్ళీ ముక్క తీయాలా?"

"తీయాలండీ. ఇంకో ఆరు వారాలు."

"మీరు నోరు మూసుకుని ఉంటే నాకు నిన్ననే ఆపరేషన్ అయిపోయేది."

"అవునండీ."

ఎప్పుడు రావాలో అడిగాడు. సోమవారం ఎనిమిదింటికని చెప్పగానే ఫోన్ పెట్టేశాడు.

సార్జెంటుకు శుక్రవారం ఆపరేషన్ అయింది. నెల దాటేసరికి చంకకర్రలతో వరండా అంతా కలియతిరిగి, నర్సుల చేత చీవాట్లు తిన్నాడు. డ్రైవరు సోమవారం వచ్చి ముక్క ఇచ్చి వెళ్ళాడు. ఆమె పలకరిస్తే తల తిప్పుకున్నాడు. ఆ కణాలు మొదటి రెండు వారాలు మొండికేసి ఆమెను హడలగొట్టాయి. చివరికి ఎలాగో పలకగా కుదురుకున్నాయి.

ఏడో వారం అతన్ని ఆపరేషన్ గదికి తీసుకెళ్తుంటే ఆమె తలుపు దగ్గర నిలబడింది. అతను చెయ్యెత్తి చక్రాల మంచం ఆపించాడు.

"రాత్రి నిద్ర పట్టిందా మీకు?"

"లేదండీ."

"నాకూ లేదు" అని, ఇక పదమన్నట్టు మంచం తోసే మనిషికి సైగ చేశాడు.