తాకట్టు దిండ్లు

చంకలో మూడు దిండ్లు ఇరికించుకుని, పిన్ని నాలుగోదాన్ని లాగుతోంది. ఆ దిండు తాలూకు పిల్ల కళ్లు తెరవకుండానే దాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

“ఒక్క అయిదు నిమిషాలు పిన్నీ! నీకు పుణ్యముంటుంది.”

“పుణ్యం నాకెందుకు, నీకు మార్కులు కావాలి గానీ. వదులు.”

పిల్ల వదిలింది. తల ఠపీమని పరుపు మీద పడింది. ఆ దెబ్బకి లేవక ఏం చేస్తుంది? లేచి కూర్చుని, మొహం మీది జుట్టు తోసుకుంటూ, వెళ్లిపోతున్న దిండు వంక దిగులుగా చూసింది. పిన్ని అప్పటికే పక్కగది తలుపు తడుతోంది.

బయట ఇంకా చీకటి విడలేదు. వరండా చివర ఒక్క బల్బు వెలుగుతోంది. తీగల మీది బట్టలు తడి ఆరలేదు. బాత్‌రూముల దగ్గర ఎవరో సరిగ్గా కట్టని కుళాయి బకెట్లోకి చుక్కలు రాలుస్తోంది. పిన్ని వెళ్తూ వెళ్తూ దాన్ని బిగించి, ఆ కట్టనిదాన్ని పేరు తెలియకపోయినా ఓ తిట్టు తిట్టింది. ఇవాళ ఆఖరి పరీక్ష. మధ్యాహ్నానికి పిల్లలంతా పెట్టెలు సర్దుకుని ఎవరిళ్లకు వాళ్లు పోతారు. హాస్టలుకు తాళం పడుతుంది.

పిన్ని అసలు ఉద్యోగం ఊడవడం, నీళ్లు పట్టడం, వేళకు గేటు తీసి వేయడం. పిల్లల్ని నిద్ర లేపమని ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పని ఆ పనే ఆమెకు పేరు తెచ్చింది. అలారం పిన్ని అంటే ఆ చిన్న కాలేజీలో ప్రిన్సిపాలుగారికి కూడా తెలుసు. అసలు పేరు అడిగితే మాత్రం ఆయనేం ఖర్మ, పిన్నే ఒక్క క్షణం ఆలోచించుకోవాల్సి వచ్చేది.

పొట్టి మనిషి. నడుము దగ్గర కాస్త వంగింది. ముందుపన్ను ఒకటి ఊడిపోవడం వల్ల నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేది. కాళ్లు సాయంత్రానికి వాచి, పొద్దుటికి తగ్గేవి. ఈమధ్య పొద్దుటికి కూడా తగ్గడం లేదు. ఒక చెప్పు వారు తెగిపోతే దారంతో కట్టుకుంది. నడిస్తే ఒక కాలు టప్పుమనేది, రెండోది టపక్కుమనేది. ఆ చప్పుడు మెట్ల మీద వినిపిస్తే చాలు, సగంమంది పిల్లలు దుప్పటి తలమీదికి లాక్కునేవారు.

పిల్లల దగ్గర ఫోన్లు లేకపోలేదు. వాటిలో అలారాలూ ఉన్నాయి. కానీ ఫోనును నొక్కేస్తే నోరు మూసుకుంటుంది, పిన్ని మూసుకోదు. పైగా ఎవర్నెలా లేపాలో ఫోనుకేం తెలుసు? మేడ మీద మొదటి గది పిల్లకు కాలి బొటనవేలు పట్టుకుని ఊపాలి. దాని పక్కమంచం పిల్ల పేరు పెట్టి పిలిస్తే పలకదు, “ఫిజిక్స్ మేడమ్ వస్తోందే” అంటే లేచి నిలబడుతుంది. ఏడాది మొదట్లో వచ్చిన కొత్తపిల్ల ఒకతి, కళ్లు తెరవగానే “అమ్మా” అని, ఎదురుగా పిన్నిని చూసి ఏడుపు లంకించుకునేది. పిన్ని మంచం మీద కూర్చుని, ఆ ఏడుపు అయ్యేదాకా దాని జడ విప్పి మళ్లీ అల్లేది. వానలు వెళ్లేసరికి ఆ పిల్లే పక్కవాళ్ల దుప్పట్లు లాగడం మొదలుపెట్టింది.

మెస్ హాల్లోకి వాననీళ్లొచ్చి అందరూ బల్లలెక్కి అన్నం తిన్న రోజులు, వార్షికోత్సవం నాటకంలో రాజుగారి మీసం ఊడి రాణి చేతికొచ్చిన సాయంత్రం, సిలబస్ సగం మిగిలిపోయిందని లెక్చరర్లు ఆదివారాలు కూడా వదలకుండా పిల్లల ప్రాణాలు తోడేసిన నెల, అన్నీ ఇట్టే గడిచిపోయాయి. పిన్ని మాత్రం ఏడాది పొడుగునా ఈ ఒక్క పొద్దు కోసమే కాచుకుని ఉంది. దానికి కారణం మొద్దు.

మొద్దు అంటే తెలివితక్కువది కాదు, మొద్దునిద్ర పిల్ల. బస్సు డ్రైవరుగారి కూతురు. మేడ మీద చివరిగది. దాని నిద్రలో ఒక చిత్రముంది. ఎవరైనా పిలిస్తే కళ్లు మూసుకునే, గొంతులో మత్తు లేకుండా, “లేచాను పిన్నీ, లైటు వెయ్యి” అనేది. అంటే లేచిందనే ఎవరైనా నమ్ముతారు. కిందటేడు ఇదే పరీక్ష రోజున పిన్ని నమ్మింది. లైటు వేసి, తలుపు దగ్గరికేసి వచ్చేసింది. గదిలో ఉండే రెండో పిల్ల పరీక్షలైపోయి ఊరెళ్లింది. మిగతావాళ్లు మొద్దు ముందే హాలుకు వెళ్లిపోయిందనుకున్నారు. అది నిజంగా లేచేసరికి హాల్లో జవాబు పేపర్లు తీసేసుకుంటున్నారు. జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా, హాలు గుమ్మం దగ్గర నిలబడి అది ఏడ్చిన ఏడుపు పిన్ని చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

తండ్రి మర్నాడే వచ్చి పెట్టె పట్టుకున్నాడు. “చాల్లేమ్మా దీని చదువు, దీని నిద్ర! వాళ్ల పెదనాన్న కొట్లో కూర్చోబెడతాను. అక్కడ ఎంతసేపు పడుకున్నా అడిగేవాడు లేడు.”

పిన్ని గేటుకు అడ్డం నిలబడింది. “అన్నయ్యా, నమ్మింది నేను, తప్పు నాది. ఒక్క ఏడాది ఇవ్వండి. వచ్చే ఏడు దీన్ని ఆ బెంచీ మీద కూర్చోబెట్టే పూచీ నాది.”

ఆయన గేటుకేసి, పిల్లకేసి చూసి, పెట్టె కింద పెట్టాడు. “ఒక్కటంటే ఒక్కటే ఏడాది. మళ్లీ పోతే నన్నడగొద్దు.”

అప్పుడే పుట్టింది దిండ్ల పద్ధతి. లేచాననే మాట చెల్లదు, దిండు చేతిలో పెట్టాలి. పరీక్ష రోజుల్లో పిన్ని గదిగదికీ తిరిగి దిండ్లన్నీ పోగుచేసి, కింద వరండాలో తన కుర్చీ పక్కన బెంచీ మీద పేర్చేది. మొహం కడుక్కుని, చదువుకుని, తలదువ్వుకుని, పరీక్షకు బయల్దేరేవాళ్లు వచ్చి తమ దిండు విడిపించుకుని పోవాలి. పిల్లలు దాన్ని తాకట్టు అనేవారు. దిండు మిగిలిందంటే మనిషి మిగిలినట్టే లెక్క. మెస్ వంటావిడ మొదట్లో నవ్వింది. “నీకిదేం పిచ్చే, దిండ్లు మోసుకుంటూ!” అంది. రెండో పరీక్షకల్లా తనే ఒక చెయ్యి వేసి మోసిపెట్టింది.

ఈ లేపుడు పిన్నికి కొత్తగా వచ్చిందేం కాదు. పెళ్లయిన కొత్తలో భర్తకు మిల్లులో మొదటి షిఫ్టు. సైరన్ కూశాక వెళితే గేటు వేసేసేవారు. ఆయనదీ మొద్దునిద్రే. చీకటితో లేచి, ఆయన చెవి దగ్గర మెల్లగా మొదలుపెట్టి, గట్టిగా అరిచి, చివరికి నీళ్లు చిలకరించి మరీ పంపేది. పిల్లల్లేరు. ఉన్న మనిషి కూడా ఒక చలికాలంలో జ్వరంతో పోయాడు. ఆ తర్వాత కూడా చీకటితోనే మెలకువ వచ్చేది. లేచి మంచం మీద కూర్చునేది. లేపడానికి ఎవరూ ఉండేవారు కారు. ఆ కూర్చోవడమే ఆమెకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఈ హాస్టల్లో పని దొరికిన మొదటి పొద్దున, తెలియకుండానే వెళ్లి ఒక తలుపు తట్టింది. లోపల్నుంచి ఎవరో “ఆఁ, లేస్తున్నా” అన్నారు. ఆ మాటకే ఆమె కడుపు నిండిపోయింది.

నిన్న వార్డెనమ్మ పిలిచి చల్లగా చెప్పింది. “వచ్చే ఏడు కరెంటు గంట పెట్టిస్తున్నాం పిన్నీ. నువ్విక హాయిగా పడుకోవచ్చు.” ఆవిడ మంచికే చెప్పింది. పిన్ని తలూపి, చీపురు తీసుకుని, అప్పుడే ఊడ్చిన వరండాని మళ్లీ ఊడ్చింది.

మేడమెట్ల మధ్యలో ఇవాళ పిన్నికి ఊపిరి అందలేదు. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ చెయ్యి జివ్వున లాగింది. రాత్రి తిన్నది అరగలేదనుకుంటూ దిండ్లతో సహా మెట్టు మీద కూలబడింది. అక్కడ బాగానే ఉంది. కాసేపు అలాగే ఉండిపోదామా అనిపించింది. పైన చివరిగది గుర్తొచ్చింది. కమ్మీ పట్టుకుని లేచింది.

“మొద్దూ!”

“లేచాను పిన్నీ, లైటు వెయ్యి.”

“లేస్తే దిండు ఇలా పట్రా.”

పిన్ని లోపలికెళ్లి దిండు పట్టి లాగింది. రాలేదు. చేతుల్లో సత్తువ లేదు. మంచం అంచున కూర్చుని, ఆయాసపడుతూ, పిల్ల చెంప మీద చెయ్యి వేసింది. మొద్దు ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

“నీ చెయ్యేంటి పిన్నీ, ఇంత చల్లగా ఉంది?”

“కుళాయి కట్టొచ్చాలే. లే.”

“మొహమంతా చెమటలు! వొంట్లో బాగోలేదా? వార్డెనమ్మని పిలవనా?”

“నా సంగతి నీ పరీక్షయ్యాక చూద్దాం. ఇప్పుడు గనక కబుర్లు పెట్టుకున్నావో, మీ నాన్నకి నేను మొహం చూపించలేను. దిండు ఇవ్వు తల్లీ.”

మొద్దు లేచి నిలబడి, రెండు చేతులతో దిండు అందించింది. ఊదారంగు గలీబు, ఒక మూల సిరా మరక. పిన్ని దాన్ని మిగతావాటిలో కలపకుండా గుండెకి ఆనించుకుని మెట్లు దిగింది.

వరండాలో కుర్చీ ప్లాస్టిక్‌ది. ఒక కాలు పొట్టి కావడంతో కింద అట్టముక్క పెట్టింది. దిండ్లు బెంచీ మీద పేర్చి, మొద్దు దిండు అన్నిటికంటే పైన పెట్టి, కుర్చీలో కూలబడింది. వెలుగొచ్చింది. పిల్లలు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ గొణుక్కుంటూ చదువుతున్నారు. ఆ గొణుగుడులో పిన్ని ఒకే గొంతు వెతికింది. మేడ మీద, చివర, మొద్దు సూత్రాలు గట్టిగా వల్లె వేస్తోంది. తప్పు చదివి, ఛీ అనుకుని, మళ్లీ మొదలుపెడుతోంది. నిద్రలో మనిషి తప్పు దిద్దుకోదు. పిల్ల నిజంగా లేచింది.

గండం గడిచిందమ్మా అనుకుంది పిన్ని. నొప్పి కాస్త వెనక్కి తగ్గినట్టుంది. పొద్దుటిపూట ఆమె కళ్లు మూసుకోవడం ఎవరూ చూడలేదు, ఆమెకే గుర్తులేదు. మూసుకుంది. పైన వల్లెవేత సాగుతూనే ఉంది. కాసేపటికి తల ఒక పక్కకు వాలింది.

పిల్లలు తయారై ఒక్కొక్కరే దిగారు. ముందొచ్చిన కళ్లద్దాల పిల్ల చూసి, మూతి మీద వేలు పెట్టుకుంది.

“ష్! పిన్ని పడుకుంది.”

“ఆఁ, పిన్నే? లేపుదామే! ‘లేచాను, లైటు వెయ్యి’ అంటుందేమో చూద్దాం.”

“నోర్ముయ్యవే. ఏడాదంతా మనల్ని లేపి చచ్చింది, పాపం. ఒక్క పూటైనా పడుకోనీ.”

అందరికీ ఆ మాట నచ్చింది. ఎంతో మంచిపని చేస్తున్నామన్న ముచ్చటతో, నవ్వు ఆపుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా దిండ్లు తీసుకుని వెళ్లి పెట్టెల మీద పడేసి, హాలుకేసి నడిచారు. అంత అల్లరి పిల్లలూ ఆ వరండా అంత నిశ్శబ్దంగా దాటడం అదే మొదటిసారి.

ఆఖరున మొద్దు దిగింది. బెంచీ మీద తన దిండు ఒక్కటే ఉంది. పిన్ని మెడ పక్కకు వేలాడి, చూడ్డానికే నొప్పిగా ఉంది. మెడ పట్టేస్తుంది అనుకుని, దిండు తీసి మెల్లగా ఆ తల కింద సర్దింది. తల బరువుగా వాలింది. “పిన్నీ, వెళ్లొస్తా” అని వినిపించీ వినిపించకుండా అని, పరుగెత్తింది. దారిలో అందరినీ దాటుకుపోయి, హాల్లో అందరికంటే ముందు తన బెంచీ మీద కూర్చుంది.

వంటావిడ టీ గ్లాసు తెచ్చి, “ఏమేవ్, ఇవాళ నువ్వు పడుకున్నావా!” అని నవ్వింది. భుజం తట్టింది. మళ్లీ తట్టింది. గ్లాసు వదిలేసి కేక పెట్టింది. ఆ కేకకు వార్డెనమ్మ పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, చాలాసేపు వదలలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆఫీసువాళ్లతో, “హాల్లోకి కబురు పోకూడదు. ముందు వాళ్లని రాసుకోనివ్వండి” అంది. పిన్నిని ఎత్తి ముందుగదిలో పడుకోబెట్టారు.

పరీక్ష అయిన గంట కొట్టగానే అందరికంటే ముందు మొద్దు వచ్చింది. చేతినిండా సిరా. మెట్ల దగ్గర వార్డెనమ్మ నిలబడి ఉంది.

“మొత్తం రాసేశాను మేడమ్! పిన్ని లేచిందా?”

వార్డెనమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. “లేదమ్మా. లేవలేదు.”

సాయంత్రానికి పిన్ని తమ్ముడొచ్చి తీసుకెళ్లిపోయాడు. పిల్లలు గేటుదాకా వెనక నడిచి, అక్కడే నిలబడి ఏడ్చారు. తర్వాత ఒక్కొక్కరి పెట్టే, ఒక్కొక్కరి దిండూ బస్సులకూ ఆటోలకూ ఎక్కాయి. మొద్దు తండ్రి కూతురి పెట్టె భుజానికెత్తుకుని వరండా దాటబోతూ ఆగాడు.

“దిండు మర్చిపోయావు కదమ్మా.”

“మర్చిపోలేదు నాన్నా. ఉండనీ.”

ఆయన పెట్టె భుజం మీద సర్దుకుని గేటుకేసి నడిచాడు. వార్డెనమ్మ గేటుకు తాళం వేసింది. వరండాలో పొట్టి కాలు కుర్చీ, దాని మీద ఊదారంగు దిండు. నడుమ, తల ఆనిన చోట, గుంట ఇంకా అలాగే ఉంది.